వారాల పిల్ల

గురువారం వచ్చిందంటే హంపమ్మ ఇంట్లో రెండు పొయ్యిలూ తెల్లవారకముందే అంటుకుంటాయి. ఒకదాని మీద శనగబేడలు ఉడుకుతుంటాయి, రెండోదాని మీద పెనం కాగుతుంటుంది. బేడల్లో బెల్లం కలిపి రుబ్బి, ఓళిగలు తట్టి, నెయ్యి కారేటట్టు కాల్చి, పక్కన చిత్రాన్నం, ఉర్లగడ్డ వేపుడు, సేమ్యా పాయసం, చివరికి వడియాలు. మిగతా ఆరు రోజులూ ఆ పొయ్యిలకు టీ కాచడం తప్ప వేరే పని ఉండేది కాదు.

"ఎవరొస్తాండారు మే, కొత్తల్లుడా?" అని పక్కింటి తిప్పక్క గోడ మీదుగా తొంగిచూసి ఎగతాళి చేసేది.

"అల్లుడెక్కడినుంచి వస్తాడు నాకు? మా వారాల పిల్ల వస్తాంది."

వెనకటి రోజుల్లో చదువుకోను పరాయి ఊరొచ్చిన పేదపిల్లలు రోజుకొక ఇంట్లో భోంచేసి చదువు గట్టెక్కేవాళ్ళు. దాన్ని వారాలు చేసుకోవడం అనేవాళ్ళు. ఆ పద్ధతి పోయి ఎన్ని తరాలయిందో. ఇప్పుడు ఊరి చివరి మెడికల్ కాలేజీ దాన్ని మళ్ళీ బతికించింది. మందుల పేర్లు వేలకొద్దీ నేర్చిన డాక్టరుకు రోగి కంచంలో ఏముందో తెలియకపోతే ఆ చదువు సగమే అని, పోషణ పాఠాలు చెప్పే రహమతున్నీసా మేడం పట్టుబట్టింది. తిండి గురించి పుస్తకంలో ఒక్క అధ్యాయం, పరీక్షలో ఒక్క ప్రశ్న ఉంటే చాలదంది. మూడో సంవత్సరం పిల్లలు రోజుకొక రోగి ఇంట్లో భోంచేయాలి. తినడమే కాదు, తిన్న తర్వాత ఆ రోగి ఒంట్లో ఏమవుతుందో తమ ఒంట్లో తెలుసుకోవాలి. అందుకే తోడుపట్టీలు.

షుగరు రోగి హంపమ్మకు ఆ పట్టీ మొదటిసారి కట్టింది కాలేజీ ప్రయోగశాలలో. చూడటానికి అది గడియారం పట్టీ లాంటిదే. ఒకటి ఆమె మణికట్టుకు, దాని జంట ఎదురుగా కూర్చున్న బక్కపల్చటి అమ్మాయికి. రహమత్ మేడం రెండింటి బొత్తాలూ నొక్కి, హంపమ్మ చేతికి గ్లాసుడు చెరకు రసం ఇచ్చింది.

"తాగమ్మా, ఈ ఒక్కసారికి ఏం కాదు."

హంపమ్మ భయపడుతూనే తాగింది. కాసేపటికి ఎప్పటి మాదిరే ఒళ్ళు బరువెక్కి, నాలుక పిడచకట్టింది. ఎదురుగా ఉన్న అమ్మాయి కూడా పెదవులు తడుపుకుని, నీళ్ళ కోసం అటూ ఇటూ చూసింది. ఆమె తాగింది ఏమీ లేదు.

"అవ్వా," అంది ఆ అమ్మాయి ఆశ్చర్యంగా, "తిన్న ప్రతిసారీ నీకిట్లే ఉంటాదా?"

"ఇట్లే ఉంటాది పాపా. అలవాటయిపోయింది."

అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పేరు వినూత్న, ఊరు ధర్మవరం. తన ఒంటి కష్టానికి ఇంకొకరు కళ్ళనీళ్ళు పెట్టుకోవడం హంపమ్మకు గుర్తున్నంతలో అదే మొదటిసారి.

రిటైరయ్యేదాకా హంపమ్మది గుంతకల్లు స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని బండ్ల రాకపోకలు చెప్పే ఉద్యోగం. తెలుగులో, హిందీలో, కన్నడంలో చెప్పీ చెప్పీ గొంతు ఉక్కులా తయారైంది. పిల్లల్లేరు. బళ్ళారిలో ఉన్న తమ్ముణ్ణి చూసొస్తానని మొగుడు బసవరాజు బయల్దేరిన బండి సంగతి కూడా మైకులో ఆమే చెప్పింది. రెండో నంబరు ప్లాట్‌ఫాం నుండి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది అని అందరికీ చెప్పినట్టే ఆయనకూ చెప్పింది. పోయిరా అనలేదు. మైకులో అట్లాంటి మాటలు అనకూడదు కదా. ఆయన గుండె బళ్ళారిలోనే ఆగిపోయింది. అప్పటినుంచి ఎవరు గుమ్మం దాటినా హంపమ్మ గుండెలో ఒక బండి కూత వేస్తుంది. పుస్తకాలు పట్టిందీ అందుకే. పుస్తకం చదవడం అయిపోయినా ఇంట్లోనే ఉంటుంది, లేచి వెళ్ళిపోదు.

అట్లాంటి ఇంటికి గురువారం గురువారం ఒక పిల్ల రావడం మొదలైంది. పొద్దున ఎవరి చోట వాళ్ళు పట్టీ బొత్తాం నొక్కుకుంటారు. మధ్యాహ్నం ఆసుపత్రి వార్డు ముగించుకుని వినూత్న వస్తుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తింటారు. సాయంత్రం బొత్తాం ఆపేస్తారు. శుక్రవారం ఆ పిల్ల పట్టీ వేరే ఇంటి రోగితో జతకడుతుంది.

"ఇన్నేల చేసినావవ్వా? నువ్వు రోజూ ఏం తింటావో అదే పెట్టల్ల అన్నారు మా మేడం."

"ఇదే తింటా పాపా. వేరే ఏం తింటా?" అని హంపమ్మ ఇంకో ఓళిగ విస్తట్లో వేసేది.

వచ్చిన పిల్లకు ఊరుమిండి పచ్చడీ మజ్జిగన్నం పెట్టడానికి ఆమెకు చేతులెట్లా వస్తాయి? అదీ లేదు ఒక్కోరోజు. ఒంటి మనిషికి వంటేమిటని బొరుగులు నీళ్ళలో తడిపి ఇంత ఉప్పూ కారం చల్లుకుని, పుస్తకం ముందు పెట్టుకుని కానిచ్చేది. రాత్రికి టీ, బన్ను. గురువారం మాత్రం వినూత్నతో సమానంగా కూర్చుని అన్నీ తినేది. అతిథి ఒక్కతే తింటుంటే ఇంటావిడ చూస్తూ కూర్చుంటుందా?

తిన్నాక ఇద్దరికీ ఒళ్ళు బరువెక్కేది. వినూత్న దాహంతో చెంబుడు నీళ్ళు తాగి, గోడకు ఆనుకుని, ఒంట్లో ఎట్లా ఉందో ఫోనులో చెప్పి కాలేజీకి పంపేది. పట్టీ చూపే చక్కెర అంకెలు వాటంతటవే వెళ్ళేవి. వేలికి సూది గుచ్చే బాధ తప్పిందని కాలేజీవాళ్ళు ఆ అంకెలనే నమ్మేవాళ్ళు.

మధ్యలో ఒకసారి రెండు వారాలు అంకెలు కొంచెం తగ్గాయి. బెల్లం కరువై హంపమ్మ పాయసం మానేసింది, అంతే. వినూత్న మాత్రం ఎగిరి గంతేసింది.

"అవ్వా, ఇట్లే ఇంకో రెండుసార్లు వస్తే నువ్వు గెల్చినట్టే! నీ జత ముగిసిందని నన్ను వేరే ఇంటికి మారుస్తారు."

హంపమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "మారుస్తారా?"

"అవునవ్వా. బాగైనోళ్ళ ఇంట్లో నేను నేర్చుకునేది ఏముంటాది?"

ఆ వారమంతా ఆమెకు నిద్ర సరిగా పట్టలేదు. చెవిలో తన గొంతే వినపడేది, బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది అని. తర్వాతి గురువారం పాయసం మళ్ళీ వచ్చింది. పూర్ణంలో బెల్లం పిడికెడు ఎక్కువే పడింది. చేయి జారిందని తనకు తాను చెప్పుకుంది గానీ, జారలేదని ఆమెకు తెలుసు.

అంకెలు ఎగిరి కూర్చున్నాయి. వినూత్న ముఖం చిన్నబోయింది. మేడంతో మాట్లాడి, షుగర్ మాత్ర బలం పెంచించి తీసుకొచ్చింది.

"పొద్దున తిండికి అరగంట ముందు వేసుకోవల్ల. ఆ తర్వాత కచ్చితంగా తినల్ల. సరేనా?"

"సరే పాపా."

ఆరు రోజులూ ఆ మాత్ర ఖాళీ కడుపులోనే పడింది. మధ్యాహ్నమయ్యేసరికి కళ్ళ ముందు మిణుగురులు ఎగిరేవి. వయసు మీదపడుతోందనుకుంది. ఒక బన్ను తింటే సర్దుకునేది.

గురువారం వచ్చింది. మాత్ర వేసుకుంది. బొత్తాం నొక్కింది. వంటంతా చేసి, మూతలు పెట్టి, రెండు విస్తళ్ళు పరిచి గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. ఆ రోజు వార్డులో పెద్ద డాక్టర్లు పరీక్ష పెట్టారు, వినూత్న రావడం ఆలస్యమైంది. అతిథి రాకముందు తినడం హంపమ్మ పుట్టి బుద్ధెరిగాక చేసిన పని కాదు. వాళ్ళమ్మ చెయ్యలేదు, అత్త చెయ్యలేదు.

ముందు వేళ్ళు వణికాయి. తర్వాత చెమట, జాకెట్టు తడిసిపోయేంత చెమట. గోడ మీది బసవరాజు ఫోటో రెండుగా కనపడింది. పాపకు ఓళిగలు చల్లారిపోతాయే అన్నదొక్కటే ఆమెకు బుద్ధిలో నిలిచిన చివరి ఆలోచన.

"మే హంపీ! నోరు తెరువు! తెరువు మే!"

తిప్పక్క ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని ఉంది. చేతిలో పాయసం గిన్నె. హంపమ్మకు తెలివి ఉంది, ఒళ్ళు మాత్రం స్వాధీనంలో లేదు. తల అటు తిప్పేసింది.

"పాప... ఇంకా తినలే..."

"నీ పాప తిననీ, ఉపాసముండనీ, ముందు నువ్వు మింగు! ఆ పిల్లే ఆసుపత్రి నుంచి ఫోను చేయించింది, ఉరుకు తిప్పక్కా, అవ్వ నోట్లో తీపి ఏదైనా పెట్టు అని!"

అతిథి కోసం కాచిన పాయసాన్ని అతిథి కంటే ముందు తాగి హంపమ్మ బతికింది.

సాయంత్రం ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరిచేసరికి పక్కన వినూత్న కూర్చుని ఉంది. కనుబొమ్మ పైన కుట్లు, వాటిమీద తెల్లటి కట్టు.

"ఏమైంది పాపా నీకు?"

"నీకేమైందో నాకూ అదే అయింది." నవ్వబోయింది, కుట్లు గుంజి ముఖం ముడుచుకుంది. "వార్డులో నిలబడి జవాబు చెప్తాండా. చేతులు వణికినాయి, చెమట పట్టింది, బల్ల అంచు తగిలి పడినా. వాళ్ళు గ్లూకోజు తెచ్చినారు. నా రక్తంలో చక్కెర చూస్తే బాగానే ఉంది. అప్పుడు అరిచినా, నాకు కాదు, అవ్వకు అని."

"ఏ గురువారమూ తెలియని ఆకలి ఈరోజే ఎట్లా తెలిసింది?" అని మంచం ఆ చివర నిలబడిన రహమత్ మేడం అడిగింది. నెమ్మదైన గొంతు, కళ్ళు మాత్రం నిద్రలేనివాళ్ళ కళ్ళలా ఉన్నాయి.

వినూత్న తల దించుకుంది. "ప్రతి గురువారమూ తెలిసేది మేడం. నాదే అనుకున్నా. అవ్వ అంత పెడ్తాది కదా, కడుపులో చోటుండల్లని నేను పొద్దున ఏమీ తినను. రెండు ఆకళ్ళూ కలిసిపోయినాయి, ఎవరిది ఏదో గుర్తు పట్టలేకపోయినా."

మేడం కుర్చీ లాక్కుని హంపమ్మ పక్కన కూర్చుంది. "అమ్మా, మాత్ర పెంచమని రాసింది ఈ పిల్ల. సరేనని సంతకం పెట్టింది నేను. కాలేజీలో విచారణ ఉంటుంది. ఈ పిల్ల తప్పు లెక్క వేసిందని తేలితే సంవత్సరం పోతుంది. నేనడిగేది ఒక్కటే. గురువారం కాని రోజుల్లో మీరేం తింటారు?"

హంపమ్మ దుప్పటి అంచు పట్టుకుంది. నిజం చెబితే ఈ ప్రయోగం ఇంతటితో ఆగిపోతుంది, పిల్ల వెళ్ళిపోతుంది. చెప్పకపోతే పిల్ల చదువుకే దెబ్బ. గుండెలో బండి కూత వేసింది. ఈసారి జెండా ఊపాల్సింది తానే.

"ఏమీ తినను తల్లీ," అంది. "బొరుగులు. టీ నీళ్ళు. ఈ పాప వచ్చిన పొద్దే వంట. అంకెలు తగ్గితే పాపను మారుస్తారన్నారని బెల్లం కూడా ఎక్కువేసినా. నేను కావాలని వేసిందే. ఈ బిడ్డది ఏ తప్పూ లేదు."

 వినూత్న చేయి దుప్పటి మీదికొచ్చి హంపమ్మ వేళ్ళను పట్టుకుంది.

 మేడం ఫోను తీసి ప్రయోగంలో ఉన్న మిగతా ఇళ్ళకు తానే ఒక్కొక్కరికీ చేసి అదే ప్రశ్న అడిగింది. ఒక ఇంట్లో సోమవారం కోడికూర, తక్కిన రోజులు చింతపండు చారు. ఇంకో ఇంట్లో మంగళవారం పూరీలు, బుధవారం నుంచి ఎండు రొట్టెలు. అడిగినచోటల్లా ఒకటే మాట, వచ్చిన బిడ్డకు ఉత్త అన్నం ఎట్లా పెడతామమ్మా అని.

చివరి ఫోను పెట్టేసి మేడం నవ్వింది. సంతోషంతో వచ్చిన నవ్వు కాదది.

"మా ఇంట్లో దావత్ జరిగితే మా అమ్మీ ముందు వారం రోజులూ అందరికీ పప్పునీళ్ళే పోసేది. నాకు గుర్తు రావాల్సింది. ఒంట్లో జరిగే ప్రతి మార్పునూ ఇంకో ఒంటికి చేర్చే యంత్రం కట్టాను. ఇంటికొచ్చినవాళ్ళకు మన జనం ఏం పెడతారో మర్చిపోయాను. ఇన్నాళ్ళూ మేము చదివింది రోగి తిండి కాదమ్మా, అతిథి తిండి."

"అయితే అంతా నా వల్లే చెడిపోయిందా తల్లీ?"

"మీ వల్ల కాదు. మీరు చెప్పబట్టి ఇప్పటికైనా ఆగింది. ఇంకో ఇంట్లో ఇంకో మాత్ర పెంచేలోపు."

విచారణలో మేడం తప్పంతా తన మీదే వేసుకుంది. వినూత్న సంవత్సరం పోలేదు. తోడుపట్టీలన్నీ తీయించి ప్రయోగశాల బీరువాలో పెట్టి తాళం వేశారు. హంపమ్మ మాత్ర తగ్గించి, మధ్యాహ్నం భోజనానికి అరగంట ముందుకు మార్చారు. పోషణ పాఠం మాత్రం పోలేదు, దాని తీరు మారింది. ఇకమీదట పిల్లలు ఏ రోజు వస్తారో ఎవరికీ చెప్పరు. వచ్చి విస్తరి ముందు కూర్చోరు, వంటింట్లో కూర్చుంటారు. ఉన్నది చూస్తారు, లేనిది అడుగుతారు, కూర తరిగిస్తారు.

పట్టీ విప్పే రోజు హంపమ్మ మళ్ళీ ప్రయోగశాలకు వెళ్ళింది. మేడం ఇద్దరి చేతుల పట్టీలూ విప్పింది. మణికట్టు మీద తెల్లటి గీత మిగిలింది.

"బొత్తాం నొక్కడం మానేసి ఇన్నాళ్ళయినా పోలేదు మేడం," అంది వినూత్న మెల్లగా. "మధ్యాహ్నం ఒంటి గంటయ్యేసరికి కడుపులో ఆ ఖాళీ వస్తాంది. తిని కూర్చున్నా వస్తాంది."

మేడం ముఖం వాడిపోయింది. "నీ ఒక్కదానికే కాదు, మరో ఇద్దరు ముగ్గురు చెప్పారు. నరాలు నేర్చుకున్నదాన్ని ఎప్పుడు మర్చిపోతాయో నాకు తెలియదమ్మా. ఎప్పటికీ మర్చిపోకపోవచ్చు కూడా. అది నేను మీకు చేసిన అపకారం."

"ఉండనీయండి మేడం. డాక్టరైనాక ఎవరైనా తిన్నానని చెప్తే, నిజంగా తిన్నారా అని అడిగేది గుర్తుంటాది."

హంపమ్మ ఆ మాట విని తల పక్కకు తిప్పుకుంది. తన బొరుగుల గిన్నె, తన చల్లారిన పొయ్యి ఆ పిల్ల ఒంట్లోకెళ్ళి కూర్చున్నాయి. ఏ డాక్టరూ వాటిని తీయలేడు.

చదువులో భాగంగా వినూత్నకు ఆదోని ఆసుపత్రిలో పని పడింది. బండెక్కించడానికి హంపమ్మ స్టేషన్‌కు వెళ్ళింది. మైకులో ఇప్పుడు యంత్రం గొంతు పలుకుతోంది. బండి కదులుతుండగా హంపమ్మ కిటికీ పక్కన నడుస్తూ, ఇన్నేళ్ళూ గొంతులో ఉండిపోయిన మాట అనేసింది.

"పోయిరా పాపా."

"వస్తా అవ్వా. ఏ రోజు అని మాత్రం చెప్పను!"

ఇంటికొచ్చి హంపమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. బొరుగుల డబ్బా చేతికందేంత దూరంలోనే ఉంది. గడియారం ఒంటి గంటకు దగ్గరవుతోంది. పట్టీ లేదు, తన ఆకలి ఇప్పుడు ఎవరికీ చేరదు. ఆ సంగతి మేడం విడమరిచి చెప్పింది, తనకూ అర్థమైంది. అయినా లేచింది. కొర్రలు కడిగి ఎసట్లో పోసింది. గోడవతల తిప్పక్కను పిలిచి గోగాకు ఉందా అని అడిగింది.

"ఎవరొస్తాండారు మే?"

"ఎవరూ రావడంలే. నాకే."

తిప్పక్క గోడ మీదుగా గోగాకు కట్ట అందించింది.

మొదట్లో ఆ వంట చాకిరీగా అనిపించింది. ఒంటరి కంచం ముందు ముద్ద దిగేది కాదు. ఎదురుగా పుస్తకం తెరిచి పెట్టుకుని, పేజీకి రెండు ముద్దలు చొప్పున తినేది. కొన్నాళ్ళకు పుస్తకం చదవడం మర్చిపోయి తినడం మొదలైంది.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. "అవ్వా, బండి దిగి గంటలో వస్తా" అంది వినూత్న. చెప్పకుండా వస్తానన్న పిల్ల, ఆగలేక చెప్పేసింది. హంపమ్మ కాళ్ళు వాటంతటవే వంటింట్లోకి పరిగెత్తాయి. శనగబేడల డబ్బా దించింది. మూత తీసింది. కాసేపు ఆ బేడల వంక చూసి, మూత పెట్టి మళ్ళీ పైన పెట్టేసింది.

బండి మధ్యలో ఎక్కడో నిలిచిపోయింది. ఒంటి గంట కొట్టింది. మాత్ర వేసుకుని అప్పటికే అరగంట. హంపమ్మ గుమ్మం వైపు చూసింది, గిన్నెల వైపు చూసింది, వాళ్ళమ్మనూ అత్తనూ మనసులోనే క్షమించమని అడిగింది. కంచం వేసుకుని కూర్చుంది.

వినూత్న వచ్చేసరికి కంచం కడిగి బోర్లించి ఉంది. గుమ్మంలోనే నిలబడి ఆ తడి కంచాన్ని చూసింది. కనుబొమ్మ మీద మచ్చ సన్నటి గీతగా మిగిలింది.

"నాకంటే ముందే తినేసినావా అవ్వా?"

"తినేసినా పాపా."

ఆ పిల్ల తన పొట్ట మీద చేయి వేసుకుంది. "ఒంటి గంటకు బండిలోనే ఉండా. ఎప్పుడొస్తాదా ఆ ఖాళీ అని చూస్తాండా. ఈరోజు రాలే."

అది ఊరికే అట్లా కుదిరిందో, నరాలు మర్చిపోవడం మొదలుపెట్టాయో చెప్పగలిగే యంత్రం బీరువాలో తాళం వేసి ఉంది.  వినూత్న కాళ్ళు కడుక్కుని నేరుగా వంటింట్లోకి పోయి ఒక్కొక్క మూతా ఎత్తింది. కొర్రబువ్వ, గోగాకు పప్పు, ఉల్లిగడ్డ ముక్కలు, మజ్జిగ.

"ఇంతేనా? ఓళిగల్లేవా?"

"ఓళిగలు వారాల పిల్లకు," అంది హంపమ్మ, ఇంకో కంచం తీస్తూ. "ఇంటి పిల్లకు ఇదే."